ఎంతసేపు ఆగగలం, ఎంత డేటా వదులుకోగలం: నా అనుభవం

బ్యాకప్ ప్లాన్ రాసే పని నాకు అప్పగించారు. ముందు తేల్చాల్సినవి రెండు: సిస్టమ్ పడిపోతే ఎంతసేపట్లో లేవాలి, అంటే ఆర్‌టీఓ (రికవరీ టైమ్ ఆబ్జెక్టివ్). ఎంతసేపటి డేటా పోయినా తట్టుకోగలం, అంటే ఆర్‌పీఓ (రికవరీ పాయింట్ ఆబ్జెక్టివ్). విభాగాలవారీగా అడిగితే అందరిదీ ఒకటే మాట: "అసలు ఆగకూడదు, ఏమీ పోకూడదు." ఎవరి పని వాళ్లకు ముఖ్యం మరి.

అందుకే ప్రశ్న మార్చాను. "నిన్న రాత్రి నుంచి చేసిన ఎంట్రీలన్నీ పోయాయనుకోండి, మళ్లీ ఎక్కడి నుంచి తెస్తారు?" అకౌంట్స్ మేడమ్ వెంటనే, "బిల్లులు నా ఫైల్లోనే ఉంటాయి కదండీ, కూర్చుంటే సాయంత్రానికి ఎక్కించేస్తాం" అన్నారు. ఆర్డర్లు చూసే ఆయన మాత్రం కాసేపు ఆలోచించి, "వెబ్‌సైట్లో వచ్చిన ఆర్డరు పోతే, అది ఎవరిచ్చారో కూడా మనకు తెలీదండీ" అన్నారు. తేడా అక్కడే తేలిపోయింది. బిల్లులకు 24 గంటల ఆర్‌పీఓ, రాత్రి తీసే బ్యాకప్ చాలు. ఆర్డర్లకు 15 నిమిషాలు. లాగ్ బ్యాకప్ (డేటాబేస్‌లో కొత్తగా జరిగిన మార్పుల కాపీ) వేరే సర్వర్‌కు చేరడానికీ టైమ్ పడుతుంది కాబట్టి దాన్ని ప్రతి 10 నిమిషాలకూ పెట్టాం. జీతాల సిస్టమ్ నెల మధ్యలో రెండు రోజులు ఆగినా నడుస్తుంది, నెలాఖరులో రెండు గంటలైనా కష్టమే. నెలాఖరు లెక్కనే రాశాం.

అసలు టెన్షన్ ఆర్‌టీఓ దగ్గర. ఆర్డర్లకు 4 గంటలు అడిగారు. డేటాబేస్ 2 టీబీ, నెట్‌వర్క్ 1 గిగాబిట్. సెకనుకు 125 ఎంబీ పూర్తి వేగం వచ్చిందనుకున్నా బ్యాకప్ నుంచి కాపీకే దాదాపు నాలుగున్నర గంటలు. దానికి ముందు రీస్టోర్ (బ్యాకప్ నుంచి డేటా తిరిగి ఎక్కించడం) చేయాలా వద్దా అని తేల్చుకోవాలి, తర్వాత లాగ్‌లు ఎక్కించి సరిచూడాలి. అంత తెలిసీ 4 అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. స్టాండ్‌బై సర్వర్ (అసలు దాంట్లోని మార్పులన్నీ ఎప్పటికప్పుడు చేరుతూ సిద్ధంగా ఉండే రెండో సర్వర్) కొంటే 4 గంటలు, లేదంటే 8 అని మేనేజ్‌మెంట్‌కు చెప్పాను. కొనడానికే ఒప్పుకున్నారు.

"అయితే ఇక బ్యాకప్ ఎందుకు?" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్నే. పొరపాటున టేబుల్ డిలీట్ చేస్తే స్టాండ్‌బైలోనూ అది క్షణాల్లో పోతుంది. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో ప్రైమరీ (అసలు) డేటాబేస్ పొరపాటున చెరిగిపోయినప్పుడు, ఉన్నాయనుకున్న బ్యాకప్‌లు అక్కరకు రాలేదు. దాదాపు 6 గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్న డేటా నకలు) ఆదుకుంది. అది చెప్పాక రీస్టోర్ టెస్ట్‌కు ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇప్పుడు మూడు నెలలకోసారి ఖాళీ సర్వర్ మీద రీస్టోర్ చేసి, పట్టిన టైమ్‌ను ప్లాన్‌లో ఆర్‌టీఓ పక్కనే రాస్తున్నాం.