ఆరని బల్బు

ఆదివారం.

సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. నిన్న రాత్రి దాకా చక్కగా తిరిగిన పాత కారు ఇది. పొద్దున చోక్ లాగి ఎంతసేపు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. పెట్రోలు సరిగా అందకపోతే చాలాసార్లు కాస్త అందుకుని ఆగిపోతుంది. ఇంత నిశ్శబ్దంగా ఉంటే నా అనుమానం ముందు కరెంటు మీదికే పోతుంది.

ప్లగ్ విప్పాను. తడిగా ఉంది, పెట్రోలు వాసన గుప్పుమంది. అంటే కార్బురేటర్ తన పని చేస్తోంది, అటువైపు చూడక్కర్లేదు. ప్లగ్‌ని మళ్లీ దాని వైరుకే తగిలించి, రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో పట్టుకుని, ప్లగ్ ఒంటిని ఇంజిన్‌కి ఆనించాను. తడి ప్లగ్ విప్పిన రంధ్రానికి దూరంగా, కార్బురేటర్‌కి దూరంగా. అక్కడ పెట్రోలు ఆవిరి ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్త ఎప్పుడూ వదలను.

"నాన్నా, కొట్టనా?" అంది అమ్మాయి డ్రైవర్ సీట్లోంచి.

"కొట్టమ్మా. గేర్ న్యూట్రల్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకో."

ఇంజిన్ తిరిగింది. ప్లగ్ దగ్గర నీలం రంగు నిప్పురవ్వ టప్ టప్ మని పడాలి. ఏమీ లేదు. బ్యాటరీ వోల్టేజీని బాగా పెంచే కాయిల్ నుంచి వచ్చే మధ్య వైరుని, ఆ కరెంటుని ప్లగ్‌లకి పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌లోంచి పీకి, దాని కొసని ఇంజిన్‌కి ఓ ఆరు మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని మళ్లీ కొట్టించాను. అక్కడా లేదు. దీంతో క్యాప్, దాని లోపల తిరిగే రోటర్, ప్లగ్ వైర్లు అనుమానితుల జాబితాలోంచి బయటపడ్డాయి. కాయిల్‌లోంచే నిప్పు పుట్టనప్పుడు దాన్ని పంచిపెట్టే వాటిని తిట్టి లాభం లేదు.

పాయింట్లున్న బండి, అంటే డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంటుని కలిపి తెంపే చిన్న స్విచ్చు ఉన్న బండి, నాకు ఇష్టం ఇందుకే. దీన్ని ఏ కంప్యూటర్‌నీ అడగక్కర్లేదు, ఒక చిన్న పన్నెండు వోల్టుల బల్బూ రెండు వైర్లూ ఉంటే చాలు, లోపల ఏం జరుగుతోందో కళ్లతో చూడొచ్చు. చార్లెస్ కెట్టరింగ్ 1910 ప్రాంతంలో రూపొందించిన పద్ధతి ఇది. 1970ల దాకా ప్రపంచంలోని పెట్రోలు కార్లలో ఎక్కువ భాగం దీని మీదే నడిచాయి. పాయింట్లు మూసుకున్నంతసేపూ బ్యాటరీ కరెంటు కాయిల్‌లోని లావు తీగ చుట్టలోంచి పారి అయస్కాంత క్షేత్రాన్ని నింపుతుంది. పాయింట్లు తెరుచుకోగానే ఆ క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది. అప్పుడు సన్న తీగ చుట్టలో ఇరవై వేల వోల్టుల దాకా పుట్టి ప్లగ్ దగ్గర దూకుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఆ పాయింట్లు సెకనుకి వంద సార్లు తెరుచుకుంటాయి. తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

నిప్పు లేదనగానే కొత్త కాయిల్, పాయింట్లు మాడకుండా కాపాడే కండెన్సర్ కూడా కొత్తది తెచ్చి బిగించేవాళ్లు చాలామంది. ఆ పద్ధతి నాకు నచ్చదు. బండి మళ్లీ స్టార్టయినా తప్పు ఎక్కడుందో తెలియదు, విప్పి కదిపినందుకు తాత్కాలికంగా బాగుపడి ఉండొచ్చు కూడా. వరసగా, బ్యాటరీ నుంచి ముందుకు వెళ్లాలి.

బ్యాటరీ 12.5 వోల్టులు చూపించింది, సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా పదికి పైనే నిలబడింది. కీ ఆన్ చేస్తే కాయిల్ ప్లస్ దగ్గర కరెంటు ఉంది. ఇక అసలు పరీక్ష. బల్బు ఒక కొస కాయిల్ మైనస్‌కి, రెండోది బండి ఇనుప ఒంటికి, అంటే ఎర్త్‌కి. పాయింట్లు తెరిచి ఉంటే బల్బు వెలగాలి, మూసుకుంటే ఆరాలి, ఇంజిన్ తిరుగుతుంటే మినుకుమినుకుమనాలి.

అమ్మాయి సెల్ఫ్ కొట్టింది. బల్బు వెలిగింది, వెలుగుతూనే ఉంది.

"ఆరట్లేదు నాన్నా" అంది కిటికీలోంచి తల బయటపెట్టి. అదే కావాల్సిన సమాధానం. కరెంటు కాయిల్‌ని దాటి వస్తోంది, కానీ పాయింట్ల ద్వారా ఎర్త్‌కి చేరడం లేదు. కాయిల్‌లోని లావు తీగ చుట్ట తెగలేదని తేలిపోయింది. కండెన్సర్ షార్టయి ఉంటే బల్బు అసలు వెలిగేదే కాదు.

క్యాప్ విప్పాను. పాయింట్ల ముఖాలు కాస్త నల్లబడ్డాయి. సన్న ఎమరీ కాగితంతో రుద్ది, శుభ్రమైన గుడ్డతో తుడిచి, సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో 0.4 మిల్లీమీటర్ల గ్యాప్ సరిచూశాను. మూసుకున్నప్పుడు రెండూ చక్కగా ఆనుతున్నాయి. బల్బు మాత్రం అలాగే వెలుగుతోంది. పాయింట్లు బిగించిన బేస్ ప్లేటుకీ డిస్ట్రిబ్యూటర్ బాడీకీ మధ్య ఎర్త్ మీటరుతో చూస్తే అదీ బాగానే ఉంది.

మిగిలింది ఒకే ఒక్క చోటు. బయటి టెర్మినల్ నుంచి పాయింట్ల స్ప్రింగు దాకా లోపల పోయే చిన్న వైరు, వేలెడంత కూడా ఉండదు. పాయింట్ల మధ్య కాగితం ముక్క దూర్చి, కీ ఆన్ చేసి, బల్బుని స్ప్రింగుకి తాకించాను. వెలగలేదు. బయటి టెర్మినల్‌కి తాకిస్తే వెలిగింది. ఆ వైరుని వేలితో మెల్లగా కదిపితే స్ప్రింగు దగ్గర కూడా బల్బు మిణుకుమంది.

పై తొడుగు చెక్కుచెదరలేదు, లోపలి తీగలే తెగాయి. యాక్సిలరేటర్ మీద కాలు కదిలినప్పుడల్లా నిప్పు పడే సమయాన్ని సర్దే వ్యాక్యూమ్ అడ్వాన్స్ ఆ బేస్ ప్లేటుని అటూ ఇటూ తిప్పుతుంది. దాంతోపాటు ఈ వైరూ ప్రతిసారీ వంగుతుంది. ఏళ్ల తరబడి అలా వంగీ వంగీ ఒక్కొక్క పోగే తెగి, నిన్నటిదాకా మిగిలిన ఒకటీ రెండూ కూడా రాత్రి తెగినట్టున్నాయి. ఈ మధ్య స్పీడు పెంచుతున్నప్పుడు అప్పుడప్పుడూ తడబడేది, ఇప్పుడు దానికీ కారణం దొరికింది.

ఇక్కడ మామూలు వైరు పనికిరాదు. బిరుసుగా ఉంటే త్వరలోనే తెగుతుంది, పైగా ప్లేటుని తిరగనివ్వదు. బాగా సన్నని పోగులున్న మెత్తటి వైరు తీసుకుని రెండు కొసలకీ టెర్మినళ్లు సాల్డర్ చేశాను. ప్లేటుని చేత్తో అటూ ఇటూ తిప్పి ఎక్కడా లాగడం లేదని, రోటర్‌కి తగలడం లేదని చూశాను. తడి ప్లగ్‌లు ఆరబెట్టి బిగించాను.

"ఇప్పుడు కొట్టు తల్లీ."

బల్బు మినుకుమంది, ఇంజిన్ అందుకుంది. అమ్మాయి హారన్ కొట్టి మరీ సంబరపడింది.

కాయిల్ మార్చలేదు, కండెన్సర్ మార్చలేదు. ఇప్పుడు దొరికే కొత్త కండెన్సర్లన్నిటి మీదా నాకు అంత నమ్మకం లేదు, పాతది పనిచేస్తున్నంతకాలం దాన్నే ఉంచుతాను. పాయింట్ల గ్యాప్ ఏమాత్రం మారినా టైమింగ్ మారుతుంది, గ్యాప్ పెరిగితే నిప్పు కాస్త ముందే పడుతుంది. అందుకని రేపు టైమింగ్ లైటు పెట్టి చూడాలి. లైటు పట్టుకునేది తనేనని అమ్మాయి ఇప్పుడే చెప్పేసింది.