పెళ్ళి నమోదు మొదలు థాయ్ వీసా దాకా: మా అనుభవం

రొయ్యల మేత కంపెనీ ఉద్యోగిగా థాయ్‌లాండ్‌లో పనిచేసి, విరమణ తరువాత రాజోలు దగ్గరి మా లంక గ్రామానికి వచ్చేశాను. అబ్బాయి కుటుంబం అక్కడి ఉడాన్ థానీ నగరంలోనే స్థిరపడడంతో, ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ ఉందామని నేనూ మా ఆవిడా నిశ్చయించుకున్నాము.

ఏభై ఏళ్ళు నిండినవారు రిటైర్మెంట్ వీసా కోసం అక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్‌ల (థాయ్ కరెన్సీ) నిల్వ గాని, నెలకు 65 వేల బాత్‌ల ఆదాయం గాని చూపాలి. నా పాత ఖాతా ఉండబట్టి ఆ చిక్కు లేకపోయింది. భర్త మీద ఆధారపడిన వ్యక్తిగా దరఖాస్తు చేసే భార్య వేరే సొమ్ము చూపనక్కరలేదు. అందరూ చెప్పే 4 లక్షల నిబంధన థాయ్ పౌరులను పెళ్ళాడినవారికే వర్తిస్తుంది. ఆమెకు కావలసినదల్లా వివాహ ధ్రువపత్రం, మా ఇంట లేనిదీ అదే.

1984లో మా అత్తవారింటి ముందు తాటాకు పందిట్లో జరిగిన పెళ్ళికి రిజిస్ట్రేషన్ అన్న ఊసే రాలేదు. ఆల్బమ్ 1986 ఆగస్టు వరదలో పోయింది. అదృష్టవశాత్తు మా బావమరిది ట్రంకుపెట్టెలో శుభలేఖ ఒకటి మిగిలింది. దానితో పాటు వయసు, నివాస ఆధారాలు, పెళ్ళి చూసిన ముగ్గురు సాక్షులను వెంటబెట్టుకుని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్ళాము. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఆమెకు పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో నా ఇంటిపేరు ఉన్నందున అఫిడవిట్ కూడా జతచేశాము. పాస్‌పోర్టుల్లో తూర్పు గోదావరి అనీ, 2022లో జిల్లా మారినందున కొత్త పత్రంలో కోనసీమ అనీ ఉండడం మమ్మల్ని కలవరపెట్టింది గాని, తరువాత ఎక్కడా ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

అపోస్టిల్, అంటే ఒక అంతర్జాతీయ ఒప్పందంలో చేరిన దేశాలన్నీ అంగీకరించే ఒకే ముద్ర, వేయిస్తే చాలునని ఊళ్ళో ఒక ఏజెంటు చెప్పాడు. థాయ్‌లాండ్ అప్పటికి ఆ ఒప్పందంలో చేరలేదు కాబట్టి రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ ముద్ర, చివరకు థాయ్ దౌత్య కార్యాలయం ముద్ర, ఈ వరుసలోనే తెచ్చుకోవలసి వచ్చింది. కాలమంతా ఇక్కడే ఖర్చయింది.

తక్కినది తేలికే. ఉడాన్ థానీ నుంచి నోంగ్ ఖాయ్ మీదుగా మెకాంగ్ వంతెన దాటి లావోస్ రాజధాని వియన్‌టియాన్ చేరి, ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, వీసా ఈమెయిల్‌లో వచ్చేదాకా లావోస్‌లోనే ఉన్నాము. మొదట ఇచ్చేది 90 రోజుల వీసా. దాన్ని థాయ్ ఇమ్మిగ్రేషన్ కార్యాలయంలో మనిషికి 1,900 బాత్‌లు కట్టి ఏడాదికి పొడిగించుకోవాలి. బ్యాంకు నిల్వగా చూపే ఆ 8 లక్షల బాత్‌లు పొడిగింపు దరఖాస్తుకు రెండు నెలల ముందునుంచే ఖాతాలో కదలకుండా ఉండాలి.

పొడిగింపు వచ్చాక రీ ఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి ముందుగా తీసుకునే అనుమతి) తీసుకోకుండా దేశం దాటితే అది రద్దవుతుంది. ఒకసారికైతే 1,000, ఎన్నిసార్లయినా వెళ్ళి రావడానికైతే 3,800 బాత్‌లు. సంక్రాంతికీ మేనకోడలి పెళ్ళికీ రావలసి ఉన్నందున మేము రెండవదే తీసుకున్నాము.