ఫోటోగ్రాఫర్ పోస్టుకి ప్రిపేర్ అవుతున్నవాళ్లకి, చెన్నై నుంచి

మాది గూడూరు. బస్టాండ్ దగ్గర నాన్నకి చిన్న స్టూడియో ఉంది. డిగ్రీ అయ్యాక ఫోటోగ్రఫీలో ఒక డిప్లొమా చేసి, చెన్నై వచ్చి కోడంబాక్కంలో ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరాను. "కెమెరా పట్టుకునే ఉద్యోగం గవర్నమెంట్‌లో కూడా ఉంటుందా అక్కా?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఉంటుంది. నేను రెండుసార్లు రాశాను, రెండుసార్లూ రాలేదు, మూడోసారికి సిద్ధమవుతున్నాను. ఎక్కడ పోయిందో నాకు స్పష్టంగా తెలుసు కాబట్టి ఇది రాస్తున్నాను.

నేను రాసింది స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ల సెలక్షన్ పోస్టుల పరీక్ష. కేంద్ర ప్రభుత్వ విభాగాల్లో ఖాళీలను బట్టి ఫోటోగ్రాఫర్ పోస్టులు ఇందులో వస్తుంటాయి. ప్రతి పోస్టుకీ ఒక కేటగిరీ నంబరు ఉంటుంది, అర్హత వేరుగా ఉంటుంది. ఒకదానికి డిప్లొమా అడుగుతారు, మరోదానికి పనిచేసిన అనుభవం కూడా అడుగుతారు. ఎన్ని కేటగిరీలకు పెడితే అన్ని అప్లికేషన్లు. ఆంధ్ర, తెలంగాణ రెండూ కమిషన్ చెన్నై రీజియన్ కిందకే వస్తాయి.

పేపర్లో కెమెరాకి సంబంధించిన సెక్షన్ అంటూ లేదు. రీజనింగ్, జనరల్ అవేర్‌నెస్, మ్యాథ్స్, ఇంగ్లీషు, ఒక్కోదానికి 25 ప్రశ్నలు. మొత్తం 100 ప్రశ్నలు, 200 మార్కులు, 60 నిమిషాలు. తప్పుకి అర మార్కు పోతుంది. మొదటిసారి నేను ఈ సంగతిని తేలిగ్గా తీసుకున్నాను. చిన్నప్పటి నుంచి కెమెరాతో పెరిగాను, నాకేంటి అనే ధీమాతో వెళ్లాను. మ్యాథ్స్ దగ్గరే ఇరవై అయిదు నిమిషాలు అయిపోయాయి. ఇంగ్లీషు చివర్లో గబగబా గుర్తులు పెట్టాను. జనరల్ కేటగిరీకి 35 శాతం కనీస మార్కులు ఉండాలి, నాకు అవి కూడా దాటలేదు.

ఆ తర్వాత ఎగ్మోర్ వెళ్లడం మొదలుపెట్టాను. కన్నెమరా లైబ్రరీలో ఉదయం నుంచి కూర్చునేదాన్ని. ముహూర్తాలున్న రోజుల్లో మాత్రం కుదిరేది కాదు. రాత్రంతా రిసెప్షన్‌లో నిలబడి పొద్దున్నే పుస్తకం ముందు కూర్చుంటే ఏదీ తలకెక్కదు. అందుకే ఆషాఢం, మూఢాల రోజుల్ని నా సిలబస్‌కి ఉంచుకున్నాను. పెళ్లిళ్ల పనిలో ఉన్నవాళ్లు క్యాలెండర్ ముందే చూసుకుని టైమ్‌టేబుల్ వేసుకోండి. రోజుకి ఇన్ని గంటలు అని లెక్క పెట్టుకుంటే మనకి కుదరదు. శాతాలు, లాభనష్టాలు నాకు పుస్తకంలో అర్థం కాలేదు, ఆల్బమ్ బిల్లులతో అర్థమయ్యాయి. నలభై షీట్ల ఆల్బమ్‌కి ఇంత, అందులో ఇంత తగ్గిస్తే ప్రింటింగ్ పోను మిగిలేది ఎంత? నాన్న రోజూ నోటితో వేసే లెక్కే అది.

లైబ్రరీ పక్కనే, అదే ఆవరణలో మ్యూజియం. చదివి కళ్లు అలసిపోతే అమరావతి శిల్పాల దగ్గరికి వెళ్లేదాన్ని. శుక్రవారం సెలవు, మిగతా రోజులు తెరిచే ఉంటుంది. మన పల్నాటి సున్నపురాయి మీద అంత పలచగా చెక్కిన బొమ్మల్ని ఎదురుగా వెలుగు పడేలా ఫోటో తీస్తే రాయి తప్ప ఏమీ కనపడదు. వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడితే ప్రతి గీతా లేచి నిలబడుతుంది. ఆ పాఠం నాకు అక్కడే వచ్చింది. తర్వాత చదివితే తెలిసింది, 1858లో లినేయస్ ట్రైప్ అనే మద్రాసు ప్రెసిడెన్సీ ఫోటోగ్రాఫర్ ఇక్కడే ఈ అమరావతి రాళ్లని ఫోటోలు తీశాడని. వాటిలో చాలా రాళ్లు ఆ తర్వాత లండన్ వెళ్లిపోయాయి. లండన్‌కి పోకముందు అవి ఎలా ఉండేవో చెప్పడానికి ఇవాళ మనకి ఆ ఫోటోలున్నాయి. పురావస్తు శాఖలో ఫోటోగ్రాఫర్ చేసే పని ఏమిటో అప్పుడు నాకు మనసుకి పట్టింది. బొమ్మ అందంగా రావడం తర్వాత. కొలబద్ద పక్కన పెట్టి, రేపు ఇంకొకరు చూసి పోల్చుకునేలా తీయాలి.

రెండోసారి మార్కులు వచ్చాయి. డాక్యుమెంట్ల దశకి పిలిచారు. అక్కడ పోయింది. నేను పెట్టిన పోస్టుకి అనుభవం కావాలి. స్టూడియోలో మూడేళ్లు పనిచేశాను, కానీ నా చేతిలో ఒక్క కాగితం లేదు. జీతం చేతికే ఇచ్చేవాళ్లు. మా ఓనర్‌ని సర్టిఫికెట్ అడిగితే, "మన లైన్‌లో ఇవన్నీ ఎవరు ఇస్తారమ్మా, నీ పనే నీ సర్టిఫికెట్" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, నాకు లైటింగ్ నేర్పింది ఆయనే. కానీ ఆ మాట ఫైల్లో పెట్టలేం కదా. ఆ రాత్రి హాస్టల్లో చాలాసేపు ఏడ్చాను.

అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను. స్టూడియోలో చేరిన మొదటి నెలలోనే లెటర్‌హెడ్ మీద ఉత్తరం అడగండి. చేరిన తేదీ, చేసే పని, ఫుల్ టైమా కాదా, సంతకం, ముద్ర ఉండాలి. జీతం బ్యాంకులో వేయమనండి. మానేసేటప్పుడు ఆఖరి తేదీతో ఇంకో ఉత్తరం తీసుకోండి. నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీ నాటికే అర్హత, అనుభవం పూర్తయి ఉండాలి, తర్వాత తెస్తామంటే ఒప్పుకోరు. ఆడపిల్లలు మరీ మొహమాటపడకండి. ఇది దయ కాదు, మన పనికి లెక్క.

ఇంకో లెక్క కూడా రాసుకోవాలని నాకు ఒక కంటి ఆసుపత్రి ఇంటర్వ్యూలో తెలిసింది. వాళ్లకి ఫోటోగ్రాఫర్ కావాలని తెలిసి, నేను తీసిన ఇరవై ఫోటోలు పట్టుకుని వెళ్లాను. డాక్టర్ గారు వాటిలోంచి ఒక ఫోటో చేతిలోకి తీసుకుని, "దీనికి ఎపర్చర్ ఎందుకు ఇంత తీసుకున్నావు?" అని అడిగారు. ఎపర్చర్ అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం ఎంత తెరిచామనేది. అలవాటు మీద తీశాను తప్ప ఎందుకో చెప్పలేకపోయాను. ఆయన మళ్లీ రమ్మన్నారు. ఆ నెలంతా ఒక నోట్‌బుక్ పెట్టి, తీసిన ప్రతి మంచి ఫోటోకి వెలుగు ఎటునుంచి వచ్చింది, షట్టర్ ఎంతసేపు తెరిచాను, ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) ఎంత, ఏమి వదిలేశాను, ఎందుకు వదిలేశాను అని రాశాను. రెండోసారి ఉద్యోగం ఇచ్చారు.

ఇప్పుడు నేను చేసేది రెటీనా ఫోటోలు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, కన్ను లోపలి పొరని ఫండస్ కెమెరాతో తీస్తాం. కొందరికి చేతి నరంలో ఫ్లోరెసిన్ అనే రంగు ఎక్కిస్తారు. పది, పదిహేను సెకన్లలో అది కంటికి చేరుతుంది. ఆ క్షణం తప్పిపోతే మళ్లీ రాదు, వరసగా తీస్తూనే ఉండాలి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం కోసం కాచుకుని ఉన్న అలవాటు నాకు ఇక్కడ పనికొచ్చింది. షుగర్ ఉన్న ఒక పెద్దాయన కన్నులో నేను తీసిన ఫోటో చూసి డాక్టర్ గారు వెంటనే లేజర్ చికిత్స రాశారు. నా ఫోటో ఇంత పని చేస్తుందని పెళ్లిళ్లలో ఎప్పుడూ అనుకోలేదు.

ఇంటర్ పూర్తయినవాళ్లయితే ముందు చదువు వైపు చూడండి. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) ఫోటోగ్రఫీలో బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది, దానికి వేరే ఎంట్రెన్స్ రాయాలి, డ్రాయింగ్ ప్రాక్టీస్ తప్పనిసరి. సినిమాటోగ్రఫీ మీద మనసుంటే ఇక్కడే తరమణిలో ఎం.జీ.ఆర్. ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. డిగ్రీ తర్వాత అయితే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో (ఎన్‌ఐడీ) ఫోటోగ్రఫీ డిజైన్ ఎం.డెస్., అంటే డిజైన్‌లో పీజీ. బెంగళూరులో ఎన్‌ఐడీ క్యాంపస్ ఉంది కదా అని పొరబడకండి, ఆ కోర్సు గాంధీనగర్‌లో. దాని ఎంట్రెన్స్‌లో ప్రిలిమ్స్, మెయిన్స్ రెండు దశలుంటాయి. అక్కడ కూడా నా నోట్‌బుక్ లాంటిది మీకు ఉపయోగపడుతుంది, ఎందుకంటే ఇంటర్వ్యూలో మీ ఫోటోల గురించి మాట్లాడాల్సింది మీరే.

పరీక్ష రోజు గురించి ఒక్కమాట. నేను ఇప్పుడు మాక్ టెస్టుల్లో ఇంగ్లీషు ముందు, తర్వాత జనరల్ అవేర్‌నెస్, తర్వాత రీజనింగ్, చివరికి మ్యాథ్స్ చేస్తున్నాను. మొదటి రెండూ ఇరవై నిమిషాల్లో అయిపోతున్నాయి, మ్యాథ్స్‌కి టెన్షన్ లేకుండా సమయం మిగులుతోంది. మీకు ఏ వరస కుదురుతుందో పది మాక్‌లు రాసి చూసుకోండి, నాది కాపీ కొట్టకండి.

పోయిన నెల ఊరికి వెళ్తే నాన్న గూడూరు స్టూడియోకి కొత్తగా లెటర్‌హెడ్ అచ్చు వేయించి పెట్టారు. ఆయన దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రాళ్లకి, చేరిన తేదీతో సహా, ఆ రోజే ఉత్తరాలు రాసి ఇచ్చారు.