రెండో తరగతికి చెనక్కాయ పాఠం

ప్రాజెక్టు అనగానే థర్మోకోల్ అట్ట మీద ఇంట్లో పెద్దవాళ్లు అంటించి పంపే బొమ్మే గుర్తొస్తుంది. అందులో బిడ్డ నేర్చుకునేది దాదాపు ఏమీ ఉండదు. ఏడేళ్ల పిల్లలకు కావలసింది వాళ్లకు జవాబు తెలియని ఒక ప్రశ్న, దాన్ని వాళ్లే తేల్చుకునే కొన్ని వారాల వ్యవధి. మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో అందుకు చెనక్కాయను మించింది లేదు. బడి జూన్‌లో తెరుస్తారు, వానాధారపు చేలల్లో చెనక్కాయ వేసేదీ ఆ రోజుల్లోనే.

ప్రశ్న ఇది: గింజను ఎంత లోతులో పెడితే ముందు మొలుస్తుంది?

24 మంది ఉంటే నలుగురేసి ఆరు జట్లు. జట్టుకు లీటరు నీళ్ల సీసాలు మూడు, 15 సెంటీమీటర్ల ఎత్తున కోసినవి. కోయడం, కాల్చిన మేకుతో అడుగున నాలుగు బొక్కలు పెట్టడం టీచరు పని. అంచుకు టేపు చుట్టకపోతే వేళ్లు తెగుతాయి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పేడెరువు అర పాలు కలపాలి. ఉత్త ఎర్రమట్టి తడిసి ఆరితే పైన పెచ్చు కడుతుంది, మొలక దాన్ని చీల్చలేక లోపలే వంగిపోతుంది. పచ్చి పేడ వేస్తే గింజ కుళ్లుతుంది.

కాయలు తెచ్చేముందు, చెనక్కాయ ఒంటికి పడని పిల్లలు ఉన్నారేమో ప్రతి ఇంట్లో అడగాలి. ఒక్కరున్నా తరగతి మొత్తానికి అలసందలు వాడండి. లేకుంటే పావు కిలో వేయించని ఎండు కాయలు చాలు. అంగట్లో వలిచి అమ్మే పప్పు వద్దు, మిషన్‌లో దెబ్బ తిని ఉంటుంది, వలిచి చాలా రోజులైతే మొలకశక్తి తగ్గుతుంది. మందు పట్టించి రంగు తేలిన విత్తనం పిల్లల చేతికి ఇవ్వనే కూడదు. కాయలు పిల్లలే వలవాలి. సీసాకు నాలుగు గింజలు, మొత్తం 72. అందుకు ఎన్ని కాయలు వలవాలని ముందే అడిగితే కూడికలు, గుణకారం వాటంతటవే వస్తాయి.

లోతులు 2, 5, 8 సెంటీమీటర్లు. పెన్సిల్ మీద గీతలు పెట్టి గుచ్చితే కొలత కుదురుతుంది. నీళ్లు మూడు సీసాలకూ సమానంగా, రెండు రోజులకోసారి సగం టీ గ్లాసు. ఎక్కువగా చెడేది ఇక్కడే: నలుగురూ ప్రేమగా తలా ఇంత పోస్తారు, గింజ కుళ్లుతుంది. అందుకే ఒకరు పోయాలి, ఒకరు కొలవాలి, ఒకరు రాయాలి, ఒకరు తరగతికి చెప్పాలి. వారానికోసారి పని మారాలి. ఉడతలు రాకుండా పాత దోమతెర కప్పండి.

ఏది ముందు మొలుస్తుందో ప్రతి బిడ్డా ముందే స్కెచ్ పెన్‌తో రాయాలి. పెన్సిల్ అయితే తర్వాత చెరిపి దిద్దుకుంటారు. మొక్క ఎత్తును స్కేలుతో కొలిపించకండి. స్కేలు అంచు, సున్నా గీత ఒకటి కావు, ఆ తేడా పిల్లలకు పట్టదు. మట్టి దగ్గర నుంచి చిగురు దాకా కాగితపు పట్టీ కత్తిరించి, తేదీ రాసి చార్టు మీద వరసగా అంటించమనండి. రెండు వారాల్లో ఎవరూ నేర్పకుండానే గ్రాఫు తయారవుతుంది.

వారం పది రోజుల్లో మొలకలు కనబడతాయి. పైనున్న గింజే ముందు రావచ్చు, ఎండ ముదిరి పైమట్టి ఆరితే అదే ఆగిపోవచ్చు కూడా. జట్టుకొక జవాబు వచ్చినప్పుడు, గొర్రుతో ఎంత లోతున విత్తుతారో, ఎందుకో ఇంట్లో అవ్వాతాతలను అడిగి రమ్మనండి. పదును, అంటే మట్టిలో తడి, ఎంత లోతున ఉంటుందనే మాట అక్కడ దొరుకుతుంది.

మొలవని సీసాను టీచరు సాయంత్రం గుట్టుగా మార్చేయడం పెద్ద తప్పు. అసలు పాఠం అందులోనే ఉంది. పన్నెండో రోజున పేపరు మీద కుమ్మరించి చూడనివ్వండి. గింజ మెత్తబడి వాసనొస్తే నీళ్లెక్కువ, గట్టిగా ఉంటే తడి చాలలేదు, గింజే లేకపోతే చీమలో ఉడతో. ‘ఎందుకంటే’ అనే మాటతో ఒక్క వాక్యం రాయించండి, అక్షరదోషాలకు ఆరోజు ఎర్రసిరా పెట్టకండి. బూజు పట్టిన గింజలను పారేసి, సబ్బుతో చేతులు కడిగించాలి.

ఆపైన జట్టుకొక మొక్కను మట్టిగడ్డతో సహా సిమెంటు గోతాంలోకి మార్చండి. సుమారు నెలకు పసుపు పూలు వస్తాయి. పూసిన కణుపు దగ్గర రంగు దారం వదులుగా కట్టిస్తే, వారం పది రోజుల్లో అక్కడి నుంచే చివర కాయ కట్టే ఊడ మట్టి వైపు దిగడం కనిపిస్తుంది. ఊడలు దిగక ముందే మట్టి గుల్ల చేయాలి, దిగాక కదిలించకూడదు. జూన్ చివర్లో వేసింది అక్టోబరులో చేతికొస్తుంది, దసరా సెలవుల్లో నీళ్లెవరు పోస్తారో ముందే తేల్చుకోండి. పీకే రోజు మట్టి తడిపి గంట ఆగాలి. పొడి మట్టిలో పీకితే ఊడలు తెగి కాయలు లోపలే ఉండిపోతాయి, పిల్లలు వేసే కాయల లెక్క తప్పుతుంది.