చేనంతా మళ్లీ ఊడ్చాలా, ఖాళీలు పూడిస్తే చాలా? వైల్డ్‌కార్డ్ లెక్క

సార్వా ఊడుపులయ్యాక చేలో అక్కడక్కడా కుదుళ్లు చస్తే, మిగిలిన నారు తెచ్చి ఆ ఖాళీలు పూడుస్తాం. రోజుల తరబడి ముంపులో ఉండి కుళ్లిపోతేనే చేనంతా మళ్లీ ఊడ్చేది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ ఆటగాళ్లతో పదిహేను మంది జట్టు కట్టి, వాళ్ల ఆటను బట్టి పాయింట్లు తెచ్చుకునే ఆన్‌లైన్ ఆట ఫాంటసీ ప్రీమియర్ లీగ్ కూడా సార్వా ఊడుపుల రోజుల్లోనే, ఆగస్టులో మొదలవుతుంది. అందులో జట్టంతా ఒకేసారి ఉచితంగా మార్చుకోనిచ్చే వైల్డ్‌కార్డ్ తీసే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న కూడా ఇదే.

ఒక వారం 30 పాయింట్లే వచ్చాయని వైల్డ్‌కార్డ్ కొట్టకండి. స్కోరు కాదు, మార్చాల్సిన పేర్లు ఎన్నో చూడాలి. కాగితం మీద పదిహేను మంది పేర్లూ రాసి, పక్కన వచ్చే ఆరు గేమ్‌వీక్‌ల (లీగ్ మ్యాచ్‌ల విడతల) ప్రత్యర్థులను రాయండి. గాయంతో నెల పైన దూరమైనవాడికి, కోచ్ బెంచీకి పంపినవాడికి, ఆరింటిలో నాలుగు గట్టి మ్యాచ్‌లున్న క్లబ్ వాడికి గుర్తు పెట్టండి. నాలుగు మ్యాచ్‌లుగా గోల్ లేకపోయినా, 80 నిమిషాలు ఆడుతూ ఎక్స్‌జీ (దొరికిన అవకాశాలను బట్టి రావాల్సిన గోల్స్ అంచనా) బాగా వస్తున్న ఫార్వర్డ్‌కి మాత్రం గుర్తు పెట్టొద్దు. అతన్ని అమ్మేసిన వారమే రెండు గోల్స్ కొట్టడం మనందరం చూసిందే.

ఆ గుర్తుల్లోంచి చేతిలో ఉన్న ఫ్రీ ట్రాన్స్‌ఫర్లు, అంటే పాయింట్లు పోకుండా చేసుకునే మార్పులు, తీసేయండి. వారానికి ఒకటి చొప్పున అయిదు దాకా దాచుకోవచ్చు కదా. నాలుగు గుర్తులుండి, రెండు ట్రాన్స్‌ఫర్లు ఉంటే ఈ వారం రెండు, తర్వాత రెండు వారాల్లో ఒక్కోటి మార్చుకుంటే ఒక్క పాయింటూ పోదు. తొందరగా కావాలంటే ఒక అదనపు మార్పుకి మైనస్ నాలుగు పాయింట్లు (దీన్నే హిట్ అంటారు) భరించొచ్చు. అసలు మైదానంలోకే దిగని ఆటగాడి స్థానంలో 60 నిమిషాలు ఆడేవాడు వస్తే ఆ 2 పాయింట్లే తేడా, గోలో అసిస్టో పడితే పెట్టింది వచ్చేసినట్టే. ట్రాన్స్‌ఫర్లు తీసేశాక కూడా అయిదో ఆరో మిగిలాయంటే హిట్లకే 20 పాయింట్లు పైన పోతాయి. అప్పుడు వైల్డ్‌కార్డ్ తీయండి, వెనకాడొద్దు.

డిఫెండర్ల విషయంలో 2025-26 నుంచి లెక్క మారింది. క్లియరెన్సులు, బ్లాకులు, ఇంటర్‌సెప్షన్లు, ట్యాకిళ్లు కలిపి ఒక మ్యాచ్‌లో 10 చేస్తే 2 పాయింట్లు. మిడ్‌ఫీల్డర్లకీ ఫార్వర్డ్‌లకీ రికవరీలు కూడా కలిపి 12 కావాలి. కాబట్టి బంతి ఎప్పుడూ తన బాక్స్ దగ్గరే ఉండే చిన్న క్లబ్ సెంటర్‌బ్యాక్, ఫిక్స్చర్లు (రాబోయే మ్యాచ్‌లు) గట్టిగా ఉన్నా కొంత సంపాదిస్తాడు. ఫిక్స్చర్ రంగు ఎర్రగా, అంటే కష్టమైన మ్యాచ్‌గా చూపిస్తోందని అలాంటివాణ్ని తీసేయడం వృథా ఖర్చు.

ఆ సీజన్ నిబంధనల్లో ఇంకొకటి: చిప్‌లన్నీ (వైల్డ్‌కార్డ్ లాంటి ప్రత్యేక అవకాశాలు) రెండు సెట్లు, మొదటి సెట్ గేమ్‌వీక్ 19 డెడ్‌లైన్ దాటితే పోయేది. అంటే 2025 డిసెంబర్ 30. దాచి దాచి ఆ చివరి వారానికి తెచ్చుకుంటే, అవసరం లేకపోయినా వాడాలి. దేశాల మ్యాచ్‌ల కోసం లీగ్ ఆగే అంతర్జాతీయ విరామాలు ఆ సీజన్‌లో సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్‌లలో వచ్చాయి. అలాంటి విరామం ఖాళీలో వైల్డ్‌కార్డ్ వాడటం నాకు నచ్చుతుంది. ముందుగానే యాక్టివేట్ చేసి, ధర పెరగబోయేవాళ్లను తీసుకుని, దేశం తరఫున ఆడి గాయపడ్డవాళ్లను చివర్లో మార్చుకోవచ్చు. డెడ్‌లైన్ వరకు ఎన్ని మార్పులైనా ఉచితమే. ఒకసారి కన్ఫర్మ్ చేశాక మాత్రం వెనక్కి తీసుకోలేం.

దాచిన ఫ్రీ ట్రాన్స్‌ఫర్లు వైల్డ్‌కార్డ్ వాడితే పోతాయని ఇంకా చాలామంది అనుకుంటున్నారు. అది పాత నిబంధన. 2024-25 నుంచి అవి అలాగే ఉంటాయి, ముందు వారం హడావిడిగా ఖర్చు పెట్టక్కర్లేదు.

ధరలో జరిగే నష్టం కంటికి కనపడదు. 7.0కి (ధరలన్నీ ఆటలోని మిలియన్ పౌండ్లలో) కొన్నవాడు 7.3 అయితే మీకు దక్కేది 7.1 మాత్రమే, ఎందుకంటే లాభంలో సగమే ఇస్తారు, అదీ కిందికి సరిచేసి. 7.4 అయితే 7.2. ఇవాళ 7.1కి అమ్మి మూడు వారాల తర్వాత అదే మనిషిని 7.3కి కొంటే 0.2 గోదాట్లో పోసినట్టే. ఇలాంటివి ముగ్గురి దగ్గర జరిగితే 0.6, అంటే 4.5 డిఫెండర్ బదులు 5.0 వాణ్ని తెచ్చుకునే డబ్బు. అందుకే చవకగా కొని బాగా పెరిగినవాడు సరిగ్గా ఆడుతుంటే, వైల్డ్‌కార్డ్‌లో కూడా కదపొద్దు.

కొత్త జట్టు కూర్చేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు, పోయిన వారం గోల్స్ కొట్టినవాళ్లనే ఏరుకోవడం. రెండోది, పదిహేను మందికీ ఒకే మూడు వారాల్లో మంచి మ్యాచ్‌లుండటం. నాలుగో వారానికి మళ్లీ అందరికీ గుర్తులే. ముగ్గురు నలుగురు తర్వాతి విడతకు పనికొచ్చేలా ఉండాలి. వెంటనే బెంచ్ బూస్ట్ (బెంచీ ఆటగాళ్ల పాయింట్లూ కలిపే చిప్) ఆలోచన లేకపోతే బెంచీ మీద డబ్బు పెట్టొద్దు. 4.0 గోల్‌కీపర్, 4.5 మిడ్‌ఫీల్డర్ చాలు, కానీ మొదటి సబ్ (బెంచీ నుంచి ముందుగా జట్టులోకి వచ్చేవాడు) తన క్లబ్‌కి ఆడేవాడై ఉండాలి. చేతిలో 0.3 నుంచి 0.5 ఉంచుకోండి. పూర్తిగా సున్నా చేస్తే ఒక్క ధర పెరిగినా అనుకున్న మార్పు ఆగిపోతుంది.

ఇక గడియారం. డెడ్‌లైన్ మొదటి మ్యాచ్‌కి 90 నిమిషాల ముందు. శనివారం మొదటి మ్యాచ్ ఇంగ్లండ్ వాళ్లకి మధ్యాహ్నం 12.30కి ఉంటే మనకు డెడ్‌లైన్ మధ్యాహ్నం 3.30, అక్టోబర్ చివరి ఆదివారం వాళ్ల గడియారం మారాక 4.30. శుక్రవారం వాళ్లకి రాత్రి 8కి మ్యాచ్ ఉంటే మనకు డెడ్‌లైన్ రాత్రి 11, చలికాలంలో సరిగ్గా 12. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల కాలం, కోనసీమలోనూ నరసాపురం వైపూ కరెంటూ నెట్టూ ఎప్పుడు పోతాయో తెలియదు. గురువారమే ఒక జట్టు కన్ఫర్మ్ చేసి పెట్టండి. శుక్రవారం కోచ్‌ల ప్రెస్ మీట్లు అయ్యాక ఒకరిద్దర్ని మార్చుకోవచ్చు.