ఇవాళ్టి సైన్స్ పీరియడ్

ఎనిమిదో తరగతిలో రుతువుల పాఠం. పుస్తకాలు తెరవకముందే అడిగాను, ఎండాకాలంలో అంత వేడి ఎందుకని. సగం క్లాసు ఒక్క గొంతుతో, "సూర్యుడికి దగ్గరగా వెళ్తాం కాబట్టి మేడమ్!"

ఈ జవాబు ప్రతి ఏడూ వచ్చేదే. వెంటనే "కాదు" అని, భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండటం వల్ల అని బోర్డు మీద రాసేదాన్ని. వాళ్లు రాసుకునేవాళ్లు, పరీక్షలో మార్కులూ వచ్చేవి. పై తరగతికి వెళ్లాక అడిగితే మళ్లీ అదే మాట, దగ్గర, దూరం. అది నన్ను చాలా బాధపెట్టేది.

ఇవాళ తప్పనలేదు, ఒప్పనలేదు. సూర్యుడికి మనం ఎంత దూరంలో ఉంటామో రెండు అంకెలు రాశాను. జనవరి మొదట్లో సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జులై మొదట్లో 15.2 కోట్లు. సుద్దముక్క పక్కన పెట్టి ఊరుకున్నాను.

ఆ ఊరుకోవడమే కష్టం. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగినా పిల్లల జవాబుల తీరు మారుతుందని 1970ల్లోనే మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు గమనించారు. చదివినప్పుడు ఇదెంత పని అనుకున్నాను. క్లాసులో మూడు సెకన్లంటే చాలా పొడుగు. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది, ఆపుకున్నాను.

"మేడమ్, అంకెలు తారుమారుగా రాశారు" అన్నాడొకడు. టీచరు తప్పు రాసిందేమోనని పైకి అనడానికి ధైర్యం కావాలి. నాకు సంతోషమనిపించింది. సరిగ్గానే ఉన్నాయి, కావాలంటే లైబ్రరీలో చూడమన్నాను. మళ్లీ నిశ్శబ్దం. అప్పుడు కిటికీ పక్క అమ్మాయి మెల్లగా అంది: "డిసెంబర్లో ఆస్ట్రేలియాలో మండే ఎండలో క్రికెట్ ఆడతారు కదా. దగ్గరవడమే కారణమైతే భూమి మొత్తానికీ ఒకేసారి ఎండాకాలం రావాలిగా?"

అంతే, క్లాసంతా లేచింది. తర్వాత టార్చిలైటు తెచ్చి నోట్‌బుక్ మీద నిటారుగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి వేయించాను. ఏటవాలుగా వేస్తే వెలుగు పరుచుకుని పలచబడింది. వంపు మాట వాళ్లే అన్నారు.

బెల్లు కొట్టే ముందు చివరి బెంచీ అబ్బాయి పుస్తకం పట్టుకొచ్చాడు. "మరి ఇందులో దారి కోడిగుడ్డులా ఉందేంటి మేడమ్?" కంపాస్‌తో 10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీయించాను. భూమి దారి దాదాపు అదే ఆకారం. సూర్యుణ్ణి మధ్య నుంచి 2 మిల్లీమీటర్లు కూడా జరపక్కర్లేదు. చుక్క పెట్టి చాలాసేపు చూశాడు. "అయితే బొమ్మ తప్పా?"

నేను నోరు తెరవలేదు. కిటికీ పక్క అమ్మాయి సీసా మూత తీసి, కళ్లకెదురుగా ఏటవాలుగా పట్టుకుంది. "ఇలా పక్క నుంచి చూసి గీశారేమో మేడమ్."

రేపు ఆ మూతతోనే మొదలుపెట్టాలి.