సెరాంపూర్ లోకల్‌లో నాన్న అక్షరం

ఉదయం తొమ్మిదింటికి హౌరాలో లోకల్ ఎక్కాలంటే ముందు దిగేవాళ్ళ వరదకి పక్కకు తప్పుకోవాలి. కొన్నగర్, రిష్రా, సెరాంపూర్ల నుంచి కోల్‌కతా ఆఫీసులకొచ్చే డైలీ పాసెంజర్లు. అదే బండి దాదాపు ఖాళీగా వెనక్కి బయల్దేరింది.

ఎదురు సీట్లో ఒక పెద్దాయన. ముప్పై ఏళ్ళు ఈ లైన్లోనే ఉద్యోగానికి తిరిగారట. "డేన్‌ల ఊరు చూడ్డానికా?" అన్నారు హిందీలో. 1755 నుంచి, 1845లో ఇంగ్లీషువాళ్ళకి అమ్మేసేదాకా సెరాంపూర్ డెన్మార్క్ చేతిలో ఉండేది.

"కాదు దాదా, మా నాన్న కోసం."

నాన్న తెనాలిలో కంపోజిటర్, ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చి పేజీలు కట్టేవాడు. ఒకసారి కట్టిన పేజీ చెయ్యిజారి నేలమీద చెదిరిపోతే, అక్షరాలూ ఒత్తులూ తెల్లవార్లూ ఏరుతూ కూర్చున్నాడు. సెరాంపూర్ సంగతి ఆయన దగ్గరే విన్నాను. అక్కడి మిషన్ ప్రెస్ 1812 మార్చిలో తగలబడింది. ఆ ప్రెస్ నడిపిన ఇంగ్లీషు మిషనరీ విలియం కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం బూడిదైంది, టైపు సీసం కరిగి ముద్దయింది. కేరీ మళ్ళీ మొదటి నుంచి రాశాడు. 1814లో పుస్తకం అచ్చయింది. నాన్న మాత్రం ఎప్పుడూ సీసం కరగడం దగ్గరే ఆగిపోయేవాడు.

జేబులోంచి నాన్న దాచుకున్న టైపు ఒకటి తీసి చూపించాను. పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టి, వేలి కొనతో తడిమారు. తిరగేసి ఉన్న అక్షరం, అంచుల్లో ఇంకా పాత సిరా.

"ఏ అక్షరం?"

"శ్రీ."

"మా శ్రీరాంపూర్‌లో శ్రీ!" అంటూ, సెరాంపూర్‌ని వాళ్ళ పలుకులో పిలిచి, గుప్పిట మూశారు. "కేరీ పేరు అందరికీ తెలుసు. అక్షరాలు చెక్కి పోత పోసింది మా పంచానన్ కర్మకార్, ఆయన అల్లుడు మనోహర్. వాళ్ళ పేర్లు కూడా మీ ఊళ్ళో చెప్పండి." స్టేషన్ వచ్చాకే గుప్పిట తెరిచారు.

టోటోవాడు, అంటే బ్యాటరీ రిక్షావాడు, వంద అడిగాడు. పక్కనున్నవాళ్ళు ఇరవై ఇచ్చి ఎక్కుతున్నారు. కోపమొచ్చి నడిచాను. సెయింట్ ఓలావ్ చర్చి, కొత్త రంగులు వేసుకున్న డెన్మార్క్ టావెర్న్, బాగానే ఉన్నాయి. మనసు వాటి మీద లేదు. 1818లో పెట్టిన కాలేజీ ముందు, హుగ్లీ ఒడ్డున కూర్చున్నాను. మట్టి రంగు నీళ్ళు, అవతల బారక్‌పూర్. మా కృష్ణ కాలవ గట్టున సాయంత్రాలు నాన్న వేళ్ళ నలుపు ఇసుకతో రుద్దుకునేవాడు, ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో మిగిలేది. పంచానన్, మనోహర్ అని ఆయనకి చెప్పి ఉంటే, ఆ పేర్లు వెంటనే కంపోజ్ చేసి చూసుకునేవాడు.